తలకాయ నొప్పికి స్కాన్ కన్నా ముందు క్యాలెండర్ చూడాలి

మీరు రాసింది ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. మీ అక్కకు 36 ఏళ్లు, తిరుపతి గాంధీ రోడ్డులో బట్టల అంగట్లో పని. పెళ్లికి ముందు నుంచే నెలకు ఒకటి రెండు సార్లు కుడి కణత దగ్గర మొదలై తల పగిలిపోయేంత నొప్పి వచ్చేది, వాంతి అయితే కాస్త తెరిపి. ఏడాదిగా మాత్రం రోజూ తల బరువు, దాని మీద వారానికి రెండు మూడు సార్లు ఆ పెద్ద నొప్పి. కళ్లజోడు మార్చారు. సైనస్ అని యాంటీబయాటిక్ కోర్సులు వాడారు. సీటీ స్కాన్ తీస్తే ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఇంత నొప్పి ఎందుకు, లోపల గడ్డేమైనా స్కాన్‌కు అందకుండా ఉందా, ఎంఆర్ఐ తీయించాలా, వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళ్లాలా అని మీరు అడుగుతున్నారు.

నేను తిరుపతిలో జనరల్ ఫిజీషియన్‌ని. తలనొప్పి కేసు ఒక్కటైనా లేని ఓపీ రోజు నాకు గుర్తు లేదు. మనిషిని చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయకూడదు కాబట్టి, ఇదంతా మీ అక్కను చూసే డాక్టరు దగ్గర మాట్లాడటానికి పనికొచ్చేలా రాస్తున్నాను.

మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివర్లో ఉంది, అదీ మాటవరసకు అన్నట్టు: "మాత్ర వేసుకుంటే తగ్గుతుంది సార్, అందుకే పొద్దున్నే ఒకటి వేసుకుని పనికి పోతుంది." నా అనుమానమంతా ఈ మాట మీదే. దాని దగ్గరికి వస్తాను, ముందు మీ భయం సంగతి చూద్దాం.

నొప్పి ఎంత గట్టిగా ఉంది అన్నదాన్ని బట్టి ప్రమాదాన్ని కొలవలేం. ఏళ్ల తరబడి ఒకే తీరుగా వచ్చి, కొన్ని గంటలుండి, పూర్తిగా తగ్గిపోయే నొప్పి ఎంత భయంకరంగా ఉన్నా చాలావరకు మైగ్రేనే. మెదడులో గడ్డ ఉన్నవాళ్లకు తలనొప్పి ఒక్కటే లక్షణంగా ఏళ్లపాటు సాగడం అరుదు. వారం వారం ముదురుతుంది, ఒక చెయ్యో కాలో మొద్దుబారుతుంది, ఫిట్స్ వస్తాయి, మాట తడబడుతుంది, చూపు మసకబారుతుంది. మైగ్రేన్‌లో మెదడు నిర్మాణం బాగానే ఉంటుంది, పనిచేసే తీరే ఆ కాసేపు గాడి తప్పుతుంది. ముఖానికీ మెదడు పొరలకూ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం రెచ్చిపోయి సీజీఆర్‌పీ లాంటి రసాయనాలను వదులుతుంది, పొరల్లోని రక్తనాళాల చుట్టూ నొప్పి రాజుకుంటుంది. వైర్లను ఫొటో తీస్తే కరెంటు కనపడదు కదా, స్కాన్‌లో మైగ్రేన్ కనపడకపోవడమూ అంతే. "ఏమీ లేదు" అన్నారంటే గడ్డ లేదు, రక్తం చిమ్మలేదు అని అర్థం. నొప్పి ఉత్తదే అని కాదు. మీ బావగారికి ఈ వాక్యం ఒకసారి చదివి వినిపించండి.

అయితే కొన్ని తలనొప్పులు ఉన్నాయి, వాటికి ఈ ధైర్యం చెప్పకూడదు.

పిడుగు పడ్డట్టు, నిమిషం లోపే తారస్థాయికి చేరే నొప్పి, "నా జన్మలో ఇట్లాంటిది ఎరగను" అనిపించే నొప్పి వస్తే, అది అలిపిరి మెట్లెక్కుతుంటే వచ్చినా, స్నానాల గదిలో వచ్చినా, తగ్గుతుందేమోనని కూర్చోవద్దు. మెదడు ఉపరితలం మీద రక్తనాళం ఉబ్బి చిట్లినప్పుడు ఇలాగే మొదలవుతుంది. 108కి ఫోన్ చేసి రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో చేరాలి. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు దగ్గర. మొదటి 6 గంటల్లో తీసిన సీటీ ఈ రక్తాన్ని దాదాపు తప్పకుండా పట్టిస్తుంది. ఆలస్యమయ్యే కొద్దీ పట్టు తగ్గుతుంది, అప్పుడు వెన్ను నుంచి నీరు తీసి చూడాల్సి వస్తుంది.

జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయినా, మనిషి మగతగా ఉన్నా మెదడువాపు, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానించాలి. టీబీ మెనింజైటిస్ ఇంకా మోసకారిది: వారాల తరబడి సన్న జ్వరం, అన్నం సయించకపోవడం, తలనొప్పి, మనిషి రోజురోజుకూ మందకొడిగా అవడం. వానలు పడ్డాక మన జిల్లాల్లో జ్వరం, భరించలేని తలనొప్పితో వచ్చేవాళ్లలో స్క్రబ్ టైఫస్‌ను మర్చిపోకూడదు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో బీడీ కాల్చినట్టు నల్లటి పక్కు కనపడుతుంది, రోగికి ఆ సంగతే తెలియదు, బట్టలు తీసి వెతికితేనే దొరుకుతుంది. దానికి డాక్సీసైక్లిన్ చవకగా, చక్కగా పనిచేస్తుంది. డెంగీలో కంటి గుడ్ల వెనక నొప్పి వస్తుంది. డెంగీ అనుమానం ఉన్నన్నాళ్లూ పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్ప్రిన్ జోలికి వెళ్లొద్దు, రక్తస్రావం భయం.

బాలింత తలనొప్పి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కాన్పయిన ఇంట్లో "నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు నీరు పడుతుంది" అని బాలింత నోరు కట్టేసే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. కాన్పు తర్వాత రక్తం గడ్డకట్టే గుణం ఎటూ ఎక్కువ, దానికి ఒంట్లో నీరు తగ్గడం తోడైతే మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే సిరల్లో గడ్డ కట్టవచ్చు. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, ఆ తర్వాత ఫిట్స్. "చల్లగాలి తగిలింది" అని చెవుల్లో దూది పెట్టి కూర్చోబెడతారు. అప్పటికే నాలుగైదు రోజులు పోయుంటాయి. ఈ జబ్బు మామూలు సీటీకి దొరకకపోవచ్చు, సిరలను చూపించే ప్రత్యేక స్కాన్ కావాలి. త్వరగా పట్టుకుంటే గడ్డ కట్టకుండా చేసే మందులతో చాలామంది కోలుకుంటారు. వెన్నుకు మత్తిచ్చి సిజేరియన్ చేసినవాళ్లకు లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే నొప్పి వస్తుంది, అది వేరు. గర్భం 20 వారాలు దాటాక తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు ఉంటే అదే రోజు బీపీ చూపించుకోవాలి. ఇంకొకటి, మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది: దర్శనానికనీ పెళ్లిళ్లకనీ నెలసరిని వాయిదా వేసే మాత్రలు డాక్టరు చీటీ లేకుండా కొనేస్తారు. అవి హార్మోను మాత్రలు, కొందరిలో ఇదే సిరల గడ్డకు దారి తీయవచ్చు. అవి వాడుతుండగా కొత్త తలనొప్పి పట్టుకుని వదలకపోతే, ఏ మాత్ర వేసుకున్నారో డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

50 దాటాక జీవితంలో మొదటిసారి మొదలైన తలనొప్పిని మైగ్రేన్ అని సరిపెట్టుకోకూడదు. కణతల దగ్గర ముట్టుకుంటే నొప్పి, అన్నం నములుతుంటే దవడ లాగడం ఉంటే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష చేయించాలి. అది రక్తనాళాల వాపు అయితే స్టెరాయిడ్ ఆలస్యమైన కొద్దీ కంటి చూపుకు ముప్పు. మన దగ్గర తక్కువే గానీ, ఉంది. కన్ను ఎర్రబడి, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనపడి, వాంతులతో నొప్పి వస్తే అది కంట్లో ఒత్తిడి పెరగడం, అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మొదలైన నొప్పి కూడా, ముఖ్యంగా పెద్దవాళ్లలో, స్కాన్ చేయాల్సిందే.

ఇక సెలూన్లో షేవింగయ్యాక మెడను అటూ ఇటూ "టక్కు" మనిపించడం. తలనొప్పికి అది మందనుకుంటారు. మెడలోంచి మెదడుకు పోయే రక్తనాళం లోపలి పొర దాంతో చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదై ఉన్నాయి. అరుదే, కానీ ఊరికే తెచ్చుకోవడమెందుకు?

మీ అక్క కథలో పైవేవీ లేవు. ఏళ్ల నాటి నొప్పి, ఒక పక్క, నాడి కొట్టుకున్నట్టు పోట్లు, కదిలితే పెరగడం, వాంతి, వెలుతురూ చప్పుడూ పడకపోవడం, పడుకుని లేస్తే తగ్గడం. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటలదాకా ఉండటం మైగ్రేన్ లెక్క. ఆడవాళ్లలో మగవాళ్ల కన్నా మూడింతలు ఎక్కువ. కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు జిగజిగలాడే గీతలు, సగం చూపు పోయినట్టు ఉండటం 5 నిమిషాల నుంచి గంట వరకు ఉంటాయి, దాన్ని ఆరా అంటాం. మీ అక్కకు ఆరా ఉందో లేదో మీరు రాయలేదు, అడగండి. ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న కుటుంబ నియంత్రణ మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

వాంతి అయితే తగ్గుతుంది కాబట్టి మన పెద్దవాళ్లు దీన్ని "పైత్యం తలనొప్పి" అంటారు, ఇప్పటి వాళ్లు "గ్యాస్ తలకెక్కింది" అంటారు. నిజానికి మైగ్రేన్ మొదలయ్యాక పొట్ట కదలికే మందగిస్తుంది. వేసుకున్న మాత్ర కడుపులోనే ఉండిపోతుంది. అందుకే నొప్పి ముదిరాక వేసుకున్న మాత్ర పనిచేయదు. సైనస్ అన్నవాళ్ల సంగతి: చీమిడి చిక్కగా పచ్చగా కారుతూ జ్వరం ఉంటే సైనస్ అనుకోవచ్చు, కళ్ల మధ్య బరువు, కాస్త ముక్కు కారడం మైగ్రేన్‌లోనూ ఉంటాయి. కళ్లజోడు పవర్ తేడాతో సాయంత్రానికి నుదురు లాగుతుందే గానీ వాంతులయ్యేంత నొప్పి రాదు. బీపీ 140, 150 ఉంటే దానివల్ల తలనొప్పి రాదు. పై అంకె 180, కింది అంకె 120 దాటితే మాట వేరు.

ఇప్పుడు ఆ పొద్దుటి మాత్ర దగ్గరికి వద్దాం. "మాత్రలు ఎన్ని వేసుకుంటావమ్మా" అంటే అందరూ "ఎప్పుడో ఒకటి సార్" అనే అంటారు. పర్సు తీయమంటాను. చిల్లర మధ్య నుంచి, మెడికల్ షాపు అతను కత్తెరతో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్పు ముక్క బయటికొస్తుంది. పేరున్న వైపు షాపులోనే ఉండిపోయింది, ఈమె దగ్గర ఉన్నది నాలుగు గుంతలు, అందులో రెండు ఖాళీ. దానికింద ఇంకో ముక్క. ఏం మాత్ర అంటే "ఎర్రగా ఉంటుంది సార్, అడిగితే ఇస్తాడు". తలనొప్పి ఉన్నవాళ్లు పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటి సాదా మాత్రలను నెలలో 15 రోజులు లేదా అంతకు పైన, కెఫీన్ కలిసినవి, ఎర్గోటమిన్ కలిసినవి, ట్రామడాల్, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు 10 రోజులు లేదా అంతకు పైన, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని పుట్టిస్తాయి. లెక్క మాత్రలది కాదు, రోజులది. ఒక రోజులో రెండు వేసుకున్నా అది ఒక రోజే. అప్పుడు నొప్పి తీరు మారుతుంది: నిద్ర లేవగానే తల బరువు, మాత్ర వేస్తే మధ్యాహ్నం దాకా గండం గడవడం, మళ్లీ మొదలు. మీరు రాసిన "ఏడాదిగా రోజూ" అన్నది సరిగ్గా ఇదే తీరు. మొదట మైగ్రేన్, దాని మీద మాత్రల తలనొప్పి. ఈ రెండో పొరను తీయకుండా మొదటిదానికి ఏ మందిచ్చినా అంతగా పనిచేయదు.

అందుకే అంటున్నాను, ఎంఆర్ఐ కన్నా ముందు గోడకున్న టీటీడీ క్యాలెండర్ కావాలి. ఎటూ ప్రతి ఇంట్లో ఉంటుంది. తేదీ గడిలో రెండే గుర్తులు: పెద్ద నొప్పి వస్తే ఒక ఇంటూ, ఏ మాత్రైనా వేసుకుంటే ఒక సున్నా. నెలసరి రోజులు గీత గీయండి. నెల తిరిగేసరికి నాకు ఏ స్కానూ చెప్పని సంగతులు అందులో కనపడతాయి. మన తిరుపతి క్యాలెండర్లలో ఇంటూలు శనివారం సాయంత్రం ఎక్కువగా ఉంటాయి. ఒక్కపొద్దు! ఆకలి మైగ్రేన్‌కు పేరున్న కారణం. శ్రీవారి శనివారాలు వచ్చే తమిళ నెల పెరటాసిలో ఇంకా ఎక్కువ. దేవుడి మీద భక్తిని నేను ప్రశ్నించను గానీ, పాలు, పండ్లు, మజ్జిగ తీసుకుంటూ కూడా ఒక్కపొద్దు ఉండొచ్చని మాత్రం చెబుతాను. అంగట్లో పని అంటే మధ్యాహ్నం భోజనం మూడింటికి, పండగ సీజన్లో ఇంకా ఆలస్యం. 11 గంటలకు రెండు అరటిపండ్లో, ఒక గ్లాసు రాగి అంబలో తాగి చూడమనండి. ఎండ ఇంకో కారణం, రోహిణి కార్తెలో తిరుపతి ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు. తలంటుకున్న రోజు నొప్పి రావడం మన దేశపు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే కారణం, డాక్టర్లు దీన్ని ప్రత్యేకంగా నమోదు చేశారు. పొడవాటి జుట్టు గంటల తరబడి తడిగా ఉండటం దానికి మూలమంటారు. తలస్నానం సెలవు రోజుకు మార్చుకుని జుట్టు త్వరగా ఆరబెట్టుకుంటే కొందరికి ఆ పూట తప్పుతుంది. నిద్ర ఎక్కువైనా తక్కువైనా, సాంబ్రాణి, అగరుబత్తి, సెంటు ఘాటు తగిలినా వస్తుంది. అందరికీ అన్నీ కాదు, మీ అక్కకు ఏవో ఆ గడులే చెప్పాలి.

మందుల సంగతి. రోజువారీ మాత్రను డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆపేయాలి. సాదా మాత్రలైతే ఒక్కసారిగా ఆపొచ్చు. ట్రామడాల్, నిద్రమాత్రలు కలిసి ఉంటే మెల్లగా తగ్గించాలి. ఆపాక మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది. వాంతులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఇది ముందే తెలియకపోతే మూడో రోజే మళ్లీ షాపుకు పరిగెడతారు. కాబట్టి వ్యాపారం తక్కువగా ఉండే రోజులు చూసుకుని, నాలుగు రోజులు సెలవు పెట్టించి, పిల్లల్ని మీ అమ్మగారి దగ్గర ఉంచి మొదలుపెట్టండి. ఈలోపు నిలదొక్కుకోవడానికి డాక్టరు కొద్దిరోజులు వేరే మందు ఇస్తారు.

ఆ తర్వాత, పెద్ద నొప్పి మొదలైన అరగంట లోపే పూర్తి మోతాదు: నాప్రాక్సెన్ 500 మిల్లీగ్రాములో, పారాసిటమాల్ 1000 మిల్లీగ్రాములో, వాంతి తగ్గించే డోంపెరిడోన్ లాంటిదానితో కలిపి. సగం మాత్ర వేసి చూద్దామనుకుంటే అదీ పోయె, నొప్పీ పోదు. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉంటే నాప్రాక్సెన్ వద్దు. దీనికి లొంగకపోతే సుమాట్రిప్టాన్ 50 మిల్లీగ్రాములు, లేదా రైజాట్రిప్టాన్. గుండె జబ్బు, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు ట్రిప్టాన్లు ఇవ్వకూడదు. అన్నీ కలిపి వారానికి రెండు రోజులకు మించి సున్నా పడకూడదు.

నెలకు నాలుగైదు సార్లు పైగా వస్తే రాకుండా చేసే మందు రోజూ కొన్ని నెలలు వాడాలి. మన దగ్గర ఎక్కువగా రాసేవి ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్, టోపిరమేట్. ఆస్తమా ఉంటే ప్రొప్రనొలాల్ ఇవ్వం. ఫ్లునారిజిన్‌తో నిద్ర, బరువు పెరుగుతాయి, డిప్రెషన్ ఉన్నవాళ్లకు వద్దు. టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి, కాబట్టి మీ అక్క ఇంకో బిడ్డను అనుకుంటుంటే ఆ మాట మొదటే చెప్పాలి. అమిట్రిప్టిలిన్ రాత్రికి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతాం. "ఇది మెంటల్ మాత్ర కదా" అని షాపులో ఎవరో అనడం, ఆమె దాన్ని చెత్తబుట్టలో వేయడం నేను విసుగొచ్చేంతగా చూశాను. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు వేరు, దీనికి ఇచ్చేది వేరు. ఈ మందులేవీ వారంలో పనిచేయవు. రెండు, మూడు నెలలు చూడాలి. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టే, అదే మందు ఆరు నెలల నుంచి ఏడాది కొనసాగించి మెల్లగా తగ్గిస్తాం. సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు, బొటాక్స్ ఉన్నాయి. ఖరీదు చాలా ఎక్కువ, పాత మందులు రెండు మూడు సరిగ్గా వాడి చూశాకే వాటి మాట.

మీ అమ్మగారు పెట్టే శొంఠి పట్టు, అమృతాంజనం మానక్కర్లేదు, కళ్లలో పడకుండా చూసుకుంటే చాలు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పెట్టిన ఆ డబ్బా ఇప్పటికీ ఇంటింటా ఉందంటే చర్మం మీద ఆ చురుకు కాసేపు హాయినిస్తుంది కాబట్టే. ముక్కులో, కంట్లో ఆకు పసరు పోసే వైద్యానికి మాత్రం పంపొద్దు.

మీ మిత్రుడి తలనొప్పి గురించి ఒక వాక్యం రాశారు: రోజూ అర్ధరాత్రి ఒకే వేళకు కంటి చుట్టూ గంటసేపు, కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, పడుకోలేక గదిలో తిరుగుతాడు. అది మైగ్రేన్ కాదు, క్లస్టర్ తలనొప్పి అయి ఉండొచ్చు. మైగ్రేన్ వాళ్లు కదలకుండా పడుకుంటారు, వీళ్లు నిలవలేరు. పంటి నొప్పి అనుకుని పళ్లు పీకించుకున్నవాళ్లూ ఉన్నారు. మాస్కుతో నిమిషానికి 12 నుంచి 15 లీటర్ల ఆక్సిజన్ 15 నిమిషాలు పెడితే చాలామందికి నొప్పి దిగుతుంది, రాకుండా చేయడానికి వెరపమిల్ ఇస్తారు. అతన్ని న్యూరాలజిస్టు దగ్గరికే పంపండి.

ఎంఆర్ఐ విషయం: నరాల పరీక్షలో తేడా ఏమీ లేకపోతే, కంటి వెనక నరం వాపు లేదని కంటి డాక్టరు చూసి చెబితే, ఇప్పుడు అక్కర్లేదు. ఆ వాపు ఉందో లేదో చూడటానికి కళ్లలో చుక్కలు వేసి లోపలికి చూడాలి, పవర్ పరీక్ష ఒక్కటి చాలదు. మీ అక్కకు అది చేశారో లేదో కనుక్కోండి, చేయకపోతే ఈ వారంలోనే చేయించండి. వేలూరు ప్రయాణం కూడా ఇప్పుడే వద్దు. స్విమ్స్‌లో న్యూరాలజీ ఓపీ ఉంది. ఒక నెల క్యాలెండర్ కాగితం, సీటీ ఫిల్ము, పర్సులో ఉన్న స్ట్రిప్పు ముక్కలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.